నీళ్ళు మళ్ళే వేళ

(కాకినాడలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోడానికి రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారమండి.

ఇందాక పరిచయం చేస్తూ మాస్టారు నన్ను ‘సాహస నావికుడు’ అన్నారు. వెనక వరసలో మా చిన్నాన్న కూర్చున్నాడు, ఆయన నవ్విన నవ్వు నాకు ఇక్కడిదాకా వినపడింది. ఎందుకు నవ్వాడో నేనే చెప్పేస్తాను. ఏడేళ్ళప్పుడు నన్ను లాంచీ ఎక్కిస్తే, ఏటిమొగ దాటకముందే ఆయన చొక్కా మీద వాంతి చేసుకున్నవాణ్ణి నేను. కాబట్టి సాహసం అనే మాట ముందు కొట్టేద్దాం. ఇరవై ఏళ్ళుగా చిన్న పడవలో తిరుగుతున్నాను, నిజమే. అందులో సాహసం చేసిన రోజులు ఓ మూడు నాలుగు ఉంటాయి. ఆ మూడు నాలుగూ నేను చేసిన తప్పులే. ఇవాళ వాటి గురించే చెబుతాను.

ముందు ఊరు చెప్పాలి కదా. నేనుండేది అమెరికాలో వాయవ్య మూల, సియాటిల్ దగ్గర. అక్కడ సముద్రం మన సముద్రంలా ఎదురుగా పరుచుకుని ఉండదండి. భూమిలోకి చొచ్చుకొచ్చి, కొండల మధ్య, దీవుల మధ్య చీలిపోయి ఉంటుంది. సేలిష్ సీ అంటారు. సగం అమెరికాది, సగం కెనడాది. కోనసీమని మనసులో పెట్టుకోండి. లంకలన్నీ అలాగే ఉంచండి. కొబ్బరి చెట్లు తీసేసి దేవదారు చెట్లు పెట్టండి, ఇసక తీసేసి రాయి పెట్టండి, గోదావరి తీసేసి ఉప్పునీళ్ళు నింపండి. ఆ నీళ్ళు ఎండాకాలంలో కూడా చాలాచోట్ల పది పన్నెండు డిగ్రీలు దాటవు. దాదాపు అదీ మా చోటు.

మా పడవ 27 అడుగులది. తెరచాప ఉంది, చిన్న డీజిలు ఇంజనూ ఉంది. రెండు మంచాలు, ఒక స్టవ్వు. వేగం ఎంతనుకుంటున్నారు? అయిదు నాట్లు. అంటే గంటకి తొమ్మిది కిలోమీటర్లు. మెయిన్ రోడ్డు మీద కూరగాయల రిక్షా మమ్మల్ని దాటేసి పోతుంది. ఈ అయిదు నాట్లనే అంకె గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు మా తాత దగ్గరికి వస్తాను. జగన్నాథపురం వాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు, మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన దగ్గర ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరేసేవి, సరుకు నావలు కాలవలోంచి బయల్దేరి వాటి దగ్గరికెళ్ళి వచ్చేవి. మా తాత ఆ నావల మీద సరంగు. ఆయన చేతికి గడియారం లేదు. ఇంట్లో పంచాంగం ఉండేది. తిథి చూసి పోటు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు. “రోజుకి రెండు గడియలు వెనక్కిరా” అనేవాడు. గడియంటే 24 నిమిషాలు, రెండు గడియలంటే 48. చంద్రుడు రోజూ ఓ 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, పోటూ అంతే. అమావాస్యకీ పున్నానికీ పెద్ద పోటు, అష్టమి నాడు చిన్నది. నేను అమెరికాలో డబ్బులు కట్టి, క్లాసులో కూర్చుని నేర్చుకున్నది ఇదే. ఇంట్లో ఉచితంగా చెబుతున్నప్పుడు చెవిని పెట్టలేదు.

అయితే మా తాత లెక్క అక్కడ పూర్తిగా నడవదు. ఇక్కడ రోజుకి వచ్చే రెండు పోట్లూ ఇంచుమించు కవలపిల్లల్లా ఉంటాయి. అక్కడ ఒకటి అన్న, ఒకటి తమ్ముడు. ఒక పాటుకి, అంటే నీళ్ళు తీసే వేళకి, నీళ్ళు కాస్తే దిగుతాయి, రెండో పాటుకి పాతాళానికి పోతాయి. ఎత్తులో తేడా కూడా ఎక్కువ. మన దగ్గర పెద్ద పోటుకైనా మీటరున్నర ఎక్కితే గొప్ప. అక్కడ కొన్నిచోట్ల నాలుగు మీటర్లు పైనే ఎక్కి దిగుతుంది. పొద్దున్న పడవ కట్టిన రాయి మధ్యాహ్నం కనపడదు. ఇంకోసారి, పొద్దున్న కనపడని రాయి మధ్యాహ్నం పడవ పక్కన లేచి నిలబడి ఉంటుంది. ఏది ఎక్కువ భయం? రెండోదే!

సరే, అన్ని నీళ్ళు రోజుకి రెండుసార్లు లోపలికి రావాలి, రెండుసార్లు బయటికి పోవాలి. దారులేమో ఇరుకు. అప్పుడేమవుతుంది? పెళ్ళిలో భోజనాల హాలు తలుపు తీసినట్టవుతుంది.

అలాంటి తలుపుల్లో ఒకటి డిసెప్షన్ పాస్. పేరు ఎలా వచ్చిందంటే, 1792లో బ్రిటిష్ కెప్టెన్ జార్జ్ వాంకూవర్ ఆ తీరం కొలుస్తూ వచ్చాడు. పక్కనున్నది భూమికి అతుక్కున్న ద్వీపకల్పం అనుకున్నాడు. ఆయన కింద పనిచేసే జోసెఫ్ విడ్బీ, ఈ సందు కనిపెట్టి, కాదు దొరా ఇది దీవే అని తేల్చాడు. మోసపోయానని వాంకూవర్ సందుకి ‘మోసం’ అని పేరు పెట్టాడు, దీవికి విడ్బీ పేరు పెట్టాడు. పైన 1935లో కట్టిన వంతెన ఉంది, నీళ్ళకి 180 అడుగుల ఎత్తున. కింద నీళ్ళు జోరు మీదున్నప్పుడు ఎనిమిది నాట్లు. నా పడవెంత? అయిదు. చూశారా, లెక్క ఇంతే. ఇందులో ధైర్యం ఎక్కడుంది చెప్పండి? అయిదులోంచి ఎనిమిది పోతే ఎంత? ముందుకి వెళుతున్నాననుకుంటూ వెనక్కి వెళతావు.

మరి ఎలా దాటతారు? దిశ మారేటప్పుడు నీళ్ళు కాసేపు ఆగుతాయి. ఊపిరి తీసి వదిలేముందు ఒక్క క్షణం ఆగుతాం చూడండి, అలాగ. స్లాక్ అంటారు. అది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాల్లో పాపాయిని తొట్టెలో తీసుకెళ్ళినట్టు దాటిపోవచ్చు. గంట తరవాత అదే చోట సుడులు, బుడగలు, కూరకుండ ఉడికినట్టు.

మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం వినండి. దీవుల నుంచి ఇంటికొస్తున్నాం, పడమర నుంచి తూర్పుకి. టైడ్ పట్టిక చూశాను, లోపలివైపు ఊళ్ళో పోటు నిండే వేళ సాయంత్రం అయిదున్నర. పోటు నిండితే నీళ్ళు ఆగుతాయి, ఆగితే దాటేయొచ్చు. బ్రహ్మాండం! ఎవరైనా అలాగే అనుకుంటారు కదా? అనుకోవచ్చా? మా తాత ఉంటే నెత్తి మీద ఒక్కటిచ్చేవాడు. పోటు నిండే వేళ వేరు, నీళ్ళు ఆగే వేళ వేరు. ఎందుకంటే లోపలికి నీళ్ళు రావడానికి దారి ఇదొక్కటే కాదు. విడ్బీ దీవిని దక్షిణం నుంచి చుట్టుకుని కూడా వస్తాయి. అటునుంచి వచ్చి లోపల మట్టం ఇంకా పెరుగుతూనే ఉంటుంది, ఇక్కడ సందులో మాత్రం నీళ్ళు అప్పటికే బయటికి మళ్ళిపోయి ఉంటాయి. అందుకే మట్టానికొక పట్టిక, ప్రవాహానికొక పట్టిక. నేను మొదటిదే చూశాను.

వంతెన కిందకి వచ్చేసరికి ప్రవాహం ఎదురు. ఇంజను మొత్తం తొక్కాను. నీళ్ళు పక్కనించి సర్రున పోతున్నాయి, మహా వేగంగా వెళుతున్నట్టుంది. మా ఆవిడ ఒడ్డు వైపు చూస్తోంది. కాసేపు చూసి, “ఏవండీ, ఆ చెట్టు కూడా మనతోపాటు వస్తోందా?” అంది. కొండ అంచున వంగిన మద్రోనా చెట్టు. బెరడు ఊడి ఎర్రగా, జామచెట్టు మానులా నున్నగా ఉంటుంది. ఇప్పటికీ ఆ చెట్టు కొమ్మలు ఎన్నో చెప్పగలను, ఇరవై నిమిషాలు దాన్నే చూశాను కాబట్టి. పైన వంతెన మీద జనం చేతులూపుతున్నారు. మేం బొమ్మల కొలువులో పడవలా అక్కడే ఉన్నాం.

ఇది చాలదని వెనకనించి పడమటిగాలి లేచింది. ప్రవాహం పడమరకి పోతోంది, గాలి పడమర నుంచి వస్తోంది. రెండూ ఎదురెదురు. ఈ సంగతి చేపల వేటకెళ్ళేవాళ్ళకి బాగా తెలుసు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. చీర కుచ్చిళ్ళు వదులుగా ఉంటే పల్చగా పరుచుకుంటాయి. రెండు వైపుల నుంచీ నొక్కండి, దగ్గరికొచ్చి నిక్కబొడుచుకుంటాయి. అలా నిలువుగా లేచిన కెరటాలు, ఎత్తు మీటరు కూడా ఉండదు, కానీ ఒకదాని వెనకాల ఒకటి, మధ్యలో పడవకి చోటు లేదు. ముక్కు దించుతుంది, నీళ్ళు డెక్కు మీదికి, ముక్కు ఎత్తుతుంది, లోపల గిన్నెలన్నీ కింద. ఆవకాయ సీసా ఒకటి. అది పగిలిన వాసన పడవలోంచి పోడానికి రెండేళ్ళు పట్టింది.

అప్పుడు చేసిన ఒక్క తెలివైన పని వెనక్కి తిరగడం. సందుకి బయట, ఉత్తరం వైపు, కిలోమీటరు దూరంలో బోమన్ బే అని చిన్న ఖాతం ఉంది. రాతి కొమ్ము చుట్టూ తిరిగి అందులోకి వెళ్ళాం. నమ్ముతారా, నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి! అయిదు నిమిషాల క్రితం ఆంజనేయస్వామికి మొక్కుకున్నవాళ్ళం, టీ పెట్టుకుని తాగాం. పది అడుగుల కొండరాయి అడ్డం, అంతే తేడా.

ఆ ఖాతం పక్కనే రోసారియో అనేచోట ఒక చెక్క విగ్రహం ఉంది. సామిష్ అనే అక్కడి మూలవాసుల కథ. కొక్వాల్-అల్వూట్ అని ఒక అమ్మాయి. ఒడ్డున నత్తలూ చిప్పలూ ఏరుకుంటుంటే నీళ్ళలోంచి ఒక చెయ్యి ఆమె చెయ్యి పట్టుకుంది. సముద్రపు వాడు. పిల్లనిమ్మని తండ్రిని అడిగాడు, తండ్రి ఇవ్వనన్నాడు. చేపలు పడటం మానేశాయి, జనం ఆకలికి అల్లాడారు. ఆఖరికి ఆ పిల్లే సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఏడాదికోసారి పుట్టింటికి వచ్చేది, వచ్చినప్పుడల్లా ఒంటిమీద గవ్వలూ చిప్పలూ పెరిగేవి. ఇక రావద్దమ్మా, నువ్వు నీళ్ళలోనే సుఖంగా ఉన్నావు అన్నారు. అక్కడ ప్రవాహంలో కెల్ప్ అనే పెద్ద నాచు తీగలు బారులు బారులుగా ఊగుతుంటాయి. అది ఆమె జుట్టంటారు. మనం గంగమ్మ అంటాం, వాళ్ళు ఆ పిల్ల అంటారు. ఇంకోటి చూడండి, ఆ జుట్టు ఎటు వాలితే ప్రవాహం అటు. నిటారుగా తేలితే నీళ్ళు ఆగాయన్నమాట. పట్టిక కన్నా నేను ఆ జుట్టునే ఎక్కువ నమ్ముతాను.

ఆ రాత్రి చీకటి పడ్డాక పోలేదు. తెల్లారి సరైన పట్టిక చూసుకుని, సరైన వేళకి దాటాం. ఎంతసేపు పట్టిందనుకుంటున్నారు? వంతెన కింద పది నిమిషాలు. అవతలికి వెళ్ళి, లోపలి ఖాతంలో ఒక దీవి దగ్గర ఆగాం. ఆ దీవి పేరేంటో తెలుసా? హోప్ ఐలాండ్. నిజంగానండి! నేను కల్పించలేదు. కాకినాడ ఎదురుగా ఉన్న మన హోప్ ఐలాండ్ గోదావరి తెచ్చిన మట్టీ ఇసకా, రెండొందల ఏళ్ళలో పెరిగింది. అది రాయీ దేవదారు చెట్లూ. కానీ పని ఒకటే, వెనకాల చేరినవాణ్ణి కాయడం. మన హోప్ ఐలాండ్ అడ్డం లేకపోతే ఓడలు ఇక్కడ లంగరు వేసేవా? మా తాతకి అన్నం దొరికేదా?

ఉత్తరానికి, కెనడా వైపు వెళితే ఇంకా పెద్ద తలుపులున్నాయి. సేమూర్ నారోస్ అని, అక్కడ 15 నాట్ల దాకా పరిగెడుతుంది. వేలమందితో అలాస్కా వెళ్ళే విహార నౌకలు కూడా నీళ్ళు మళ్ళే వేళ చూసుకునే అక్కడికొస్తాయి. అంత పెద్ద ఇంజన్లుండీ! దాని మధ్యలో నీళ్ళకి కాస్త కిందనే రెండు శిఖరాల రాయి ఉండేది, రిపుల్ రాక్ అని. వందమందికి పైగా దాని వల్ల పోయారు. పైనించి తొలవబోతే పనివాళ్ళ పడవ నిలబడదు. చివరికి పక్క దీవి నుంచి సముద్రం అడుగున సొరంగం తవ్వి, రాతి కడుపులోకి ఎక్కి, 1,375 టన్నుల మందు కూరి, 1958 ఏప్రిల్ 5న పేల్చేశారు. కెనడా అంతా టీవీలో చూసింది. రాయి పోయింది. ప్రవాహం పోయిందా? లేదు, ఇప్పటికీ వేళ చూసుకోవలసిందే.

గాలి సంగతి తొందరగా చెప్పేస్తాను, మైకాయన గడియారం చూపిస్తున్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం లోపలి నేల వేడెక్కుతుంది, సముద్రం మీంచి గాలి లోపలికి ఎగబడుతుంది. హువాన్ డి ఫ్యూకా జలసంధి, జాన్‌స్టోన్ జలసంధి, ఈ రెండూ పొడుగ్గా గొట్టాల్లా ఉంటాయి. మధ్యాహ్నం 30 నాట్ల గాలి అక్కడ మామూలు. అందుకని మేం తెల్లవారుజామున నాలుక్కి లేస్తాం, పదకొండుకల్లా ఎక్కడో అక్కడ లంగరేసి పడుకుంటాం. మనవాళ్ళు వేటకి కోడికూతకి ముందే ఎందుకు బయల్దేరతారంటే? అదే మరి. వాతావరణం రేడియోలో వింటాం. బ్రిటిష్ కొలంబియాలో ఇరవైకి పైగా లైట్‌హౌసుల్లో ఇంకా మనుషులు కాపురముంటున్నారు. వాళ్ళు కిటికీలోంచి చూసి చెబుతారు, గాలి ఇంత, కెరటం ఇంత అని. ఉపగ్రహం చెప్పినదాని కన్నా ఆ కిటికీ మాట నాకు ఇష్టం. ఇక్కడ మనకి హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్ళు కెరటాల ఎత్తు ముందుగా చెబుతున్నారు, ఫోనులో చూసుకోవచ్చు. తమ్ముళ్ళూ, చూసుకోండి. పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేసేదాకా ఆగకండి.

ఇక లంగరు. నాకు చాలా ఇష్టమైన సబ్జెక్టు, రెండో తప్పు కూడా ఇక్కడే ఉంది.

లంగరు బరువుకి పడవ ఆగుతుందనుకుంటాం. నా లంగరు పది కిలోలు, పడవ మూడు టన్నుల పైన. బరువుకే ఆగుతుందా? లంగరు నాగలి లాంటిది. అడ్డంగా లాగితే బురదలో దిగబడుతుంది. పైకి లాగితే ముల్లంగిలా ఊడొస్తుంది. కాబట్టి గొలుసూ తాడూ పొడుగ్గా వదలాలి, లోతుకి అయిదింతలైనా. అప్పుడు లాగుడు అడ్డంగా పడుతుంది.

సూషియా అని ఒక దీవి ఉంది. స్పెయిన్ వాళ్ళు 1791లో పెట్టిన పేరు, మురికిది అని అర్థం. మురికంటే చెత్త కాదు, నీళ్ళలో రాళ్ళు ఎక్కువని. ఇప్పుడది స్వర్గంలా ఉంటుంది. ఎకో బే అనే ఖాతంలో సాయంత్రం లంగరు వేశాను. లోతు చూస్తే నాలుగు మీటర్లు. అయిదింతలు, ఇరవై మీటర్లు వదిలాను. నాలుగయిదులు ఇరవై, ఒకటో క్లాసు ఎక్కం. తప్పెక్కడుంది? ఎవరైనా చెబుతారా?

అదిగో, నీలం చొక్కా పెద్దాయన చెప్పేశారు. పాటు! నేను చూసింది పాటు మీద లోతు. రాత్రికి మూడు మీటర్లు పైగా పోటు ఎక్కింది. నీళ్ళ మట్టం నుంచి పడవ ముక్కు దాకా ఇంకో మీటరు. అంటే ఎనిమిది. ఎనిమిదికి ఇరవై, రెండున్నరింతలు. ముల్లంగి సిద్ధంగా ఉంది. పైగా ఆ ఖాతం నోరు ఆగ్నేయానికి తెరుచుకుని ఉంటుంది. రాత్రి రెండున్నరకి ఆగ్నేయం నుంచే గాలొచ్చింది.

నన్ను లేపింది గాలి కాదండి, చప్పుడు. గొలుసు రాతి మీద ఈడ్చుకుపోతుంటే ఆ గరగర తాడులోంచి ఎక్కి, పడవ చెక్కలోంచి దిండులోకి వస్తుంది. ఎవరో ఇసక మీద ఇనప బకెట్టు లాగుతున్నట్టు. పైకి పరిగెత్తితే, పక్క పడవ ఉండాల్సిన చోట లేదు. మా మీదికొస్తోంది. వాళ్ళు రాలేదు, మేమే వెళుతున్నాం. ఆ పడవలో డెబ్బై దాటిన ముసలాయన, పైజమా మీద, చేత్తో మా పడవ కమ్మీ పట్టుకుని ఆపుతున్నాడు. నాకు సిగ్గుతో నోరు రాలేదు. ఆయన తిట్టలేదు. “గొలుసెంత వదిలావు?” అన్నాడు. ఇరవై మీటర్లన్నాను. ఆకాశంలో చంద్రుణ్ణి చూపించాడు. పున్నమి. ఇంకేం మాట్లాడలేదు. అమెరికావాడు, పంచాంగం ఎరగడు, మా తాత చెప్పిన పాఠమే అర్ధరాత్రి చెప్పాడు.

ప్రశాంతమైన చోట్ల గురించి చెప్పమన్నారు. ఉత్తరాన డెసొలేషన్ సౌండ్ ఉంది. వాంకూవర్‌కి దిగులు పుట్టి ఆ పేరు పెట్టాడు. ఆయనకేమైందో కానీ, ఆగస్టులో అక్కడ నీళ్ళు ఈతకొట్టేంత వెచ్చగా ఉంటాయి. వాంకూవర్ దీవికి ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ వచ్చే పోట్లు అక్కడ కలుస్తాయి, అందుకని నీళ్ళు పెద్దగా కదలవు. ఒడ్డు పక్కనే అగాధం కాబట్టి ముందు లంగరు వేసి, వెనకనించి చెట్టుకి తాడు కట్టాలి, గేదెని రాటకి కట్టినట్టు.

ఇంకా పైన బ్రోటన్ దీవుల్లో, దట్టమైన అడవి మధ్యన అక్కడక్కడ తెల్లటి తీరాలు కనిపిస్తాయి. ఇసక కాదు. వందల తరాలు తిని పారేసిన చిప్పల పొడి. మూలవాసుల ఊళ్ళుండే చోట్లు. వాళ్ళు ఒడ్డున రాళ్ళు వరసగా పేర్చి చిప్పల మడులు కూడా కట్టారు, మన వరిమడికి గట్టు వేసినట్టు. క్వాడ్రా దీవి మీద కొన్ని 3,500 ఏళ్ళ నాటివని తేల్చారు. నేను లంగరు చోటు వెతుక్కునేటప్పుడు పటం కన్నా ముందు ఆ తెల్లటి ఒడ్డు కోసం చూస్తాను. ఎందుకంటే వాళ్ళు పిల్లాజెల్లాతో, చెట్టు తొలిచిన పడవలతో ఏ గాలికీ దొరకని చోటు చూసుకునే దిగి ఉంటారు కదా. ఊళ్ళు ఖాళీగా ఉన్నాయని ఎవరూ లేని చోటనుకోకూడదు. అక్కడివాళ్ళు బలవంతాన కదిలించబడ్డారు, వాళ్ళ వారసులున్నారు, చోటు వాళ్ళది. నేను ఒడ్డు దిగను, పడవలోంచే చూస్తాను.

ప్రశ్న అడుగుతున్నారమ్మా? ...ఏం తింటారనా! ఇందాకటి నుంచి ఎవరూ అడగరేంటా అనుకుంటున్నాను. పీతలండి. డంజెనెస్ పీతలు, అరచెయ్యి కన్నా పెద్దవి. చికెన్ కాలు కట్టి బుట్ట దించితే వస్తాయి. లైసెన్సు ఉండాలి. ఆడదాన్ని తీసుకోకూడదు, మగదైనా డిప్ప ఆరుంబావు అంగుళాలు లేకపోతే వదిలేయాలి. స్కేలు పెట్టి కొలుస్తాం, నవ్వకండి. అక్కడివాళ్ళు ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి వెన్నలో ముంచుకు తింటారు. మా ఆవిడ పులుసు పెడుతుంది, చింతపండు ఇంటినించే తీసుకెళతాం.

ఆ సూషియాలో, తెల్లారాక, తప్పు కాస్త కడుక్కుందామని ఆ ముసలాయనకి గిన్నెడు పంపించాం. అరగంట తరవాత టక టక చప్పుడు. మళ్ళీ లంగరు జారిందేమోనని గుండె ఆగినంత పనైంది. చూస్తే ఆయనే, చిన్న తెడ్డు పడవలో, ముక్కు కారుతూ కళ్ళు ఎర్రగా, ఖాళీ గిన్నె చాపి నిలబడ్డాడు.